పిన్ని గద, నా వన్స్ మోర్

ఆ రోజుల్లో నాకున్న చెప్పుకోదగ్గ ఆస్తి గొంతొక్కటే. రామచంద్రపురంలో ఒక బట్టల కొట్టు గుమ్మం ముందు నిలబడి, "రండమ్మా, చీరలు లోపల చూడండి" అని కేకేస్తే, పక్క వీధిలో వంకాయలు బేరమాడుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. (చూసి లోపలికి వచ్చేవారా అంటే, అది వేరే సంగతి.) చదువుకు అక్కరకు రాని ఆ గొంతు కళాసేవకు పనికొస్తుందని కనిపెట్టింది మా పిన్ని. ఇప్పటికీ ఎక్కడైనా పద్యనాటకం మైకు వినిపిస్తే నాకు గొంతులో గరగర మొదలవుతుంది.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, బాబాయి పోయాక కుట్టుమిషను పెట్టుకుని ఊళ్ళో నాటక సమాజానికి రాజుల అంగీలు కుట్టేది. కొలతలు సరిచూడ్డానికని రిహార్సల్స్‌కి వెళ్ళి వెళ్ళి పద్యాలన్నీ నోటికి పట్టేసింది. ఓ రోజు తనకు రాజు వేషం కావాలంది. చెలికత్తె వేషమైతే ఇస్తామన్నారు. అక్కర్లేదంది. ఆడ శ్రుతిలో రాజు పద్యమేంటమ్మా అని హార్మోనియం వాయించే ఆయన పెట్టె మూసేశాడు. అయితే మీ శ్రుతిలోనే పాడతానని, పిన్ని పొద్దున్నే మిషను ముందు కూర్చుని గొంతు కిందికి దించడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి బొంగురుపోయి మాటే రాలేదు. మిరియాల కషాయం తాగి మళ్ళీ మొదలెట్టింది. మీసం పెట్టుకునే కోడలితో తనకు మాటల్లేవని వాళ్ళత్తగారు శపథం పట్టింది. (అంతకుముందు ఆవిడ మాట్లాడిన మాటలు తలుచుకుంటే అది పిన్నికి కలిసొచ్చిందనే చెప్పాలి.) ఇలా ఉండగా రాజు వేషం వేసే ఆయన టీవీ సీరియల్‌లో అవకాశం వచ్చి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. తణుకు దగ్గర ఒక ఊళ్ళో ఉత్సవాలకి ఆట ఒప్పుకుని ఉన్నారు. వేరే దారి లేక సమాజం మేనేజరుగారు పిన్నికి కబురు పెట్టారు. ఆయనే రాయబారి వేషం కడతారు. రాజు మొదటి పద్యానికి వన్స్ మోర్ పడితే వేషం ఇక తనదేనని, పడకపోతే మళ్ళీ అంగీలు కుట్టుకోవడమేనని ముందే చెప్పేశారు.

మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, అంటే పాడి తీరాల్సిందే. (చచ్చి పడిపోయిన వీరుడు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చక్కగా చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను.) మొదటి గొంతు లేస్తే చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ మొదటి గొంతు నాదన్నమాట. "అందరికీ వాళ్ళ వాళ్ళ మనుషులు ఉంటార్రా, నాకు నువ్వే" అంది పిన్ని. చిక్కల్లా ఏమిటంటే, మాటలు అయిపోయాక కూడా రాగం సాగుతూనే ఉంటుంది, పద్యం ఎక్కడ ముగిసిందో నాకు ఛస్తే తెలియదు. దానికీ పిన్నే ఉపాయం చెప్పింది. పద్యం కాగానే రాజు చేతిలోని గద కింద ఆనిస్తుంది, నేను కేకెయ్యాలి.

ఆటకి వెళ్ళి ముందు వరసల్లో కూర్చున్నాను. పక్కన తెల్ల లాల్చీ పెద్దాయన ఒకరు, "ఆడమనిషి రాజేంటండీ, కాలం కాకపోతే" అని నాకే చెప్పారు. తెర లేచింది. మీసంతో పిన్ని ముఖం చూస్తే నవ్వొస్తుందని నేను చూపంతా గద మీదే పెట్టాను. అది అసలైన టేకు గద. మేము లెక్కలోకి తీసుకోనిది దాని బరువు. ముందు మంత్రి పద్యం ఎత్తుకున్నాడు. వింటూ నిలబడ్డ పిన్ని చెయ్యి నొప్పెట్టి గద దించింది. నేను పొట్టలోంచి ఊపిరి తెచ్చి "వన్స్ మోర్" అన్నాను. జనం అందుకున్నారు. మంత్రి నివ్వెరపోయాడు, పాపం ఆయనకి జీవితంలో అదే మొదటిది. మళ్ళీ పాడాడు. గద మళ్ళీ దిగింది. నేను మళ్ళీ అరిచాను. తరవాత రాయబారి వచ్చాడు. మైకులో రాగాలన్నీ నాకు ఒక్కలాగే వినిపిస్తుంటే, గద దిగినప్పుడల్లా నా డ్యూటీ నేను చేశాను. చివరికి పెద్దాయన నా భుజం తట్టి, "రాయబారిగారు మీ బంధువాండీ?" అని మర్యాదగానే అడిగారు. అప్పుడు పిన్ని ముఖం చూశాను. ఆ కళ్ళలోని కోపం చూసి, ఏం నటిస్తోంది అని జనం చప్పట్లు కొట్టారు. అది నటన కాదని నాకొక్కడికే తెలుసు.

అప్పుడు పిన్ని పద్యం అందుకుంది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. మగ గొంతూ కాదు, నాకు తెలిసిన పిన్ని గొంతూ కాదు. హార్మోనియం ఆయన తల వంచుకుని ఆ గొంతు వెనకాలే వెళ్ళాడు. పద్యం అయింది. గద నేలకి ఆనింది. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నా గొంతంతా మంత్రికీ రాయబారికీ ధారపోశాను కదా. మొదటి గొంతు లేవందే జనం అందుకోరు. పిన్ని నా వైపే చూస్తోంది. ఆ కాసేపు నాకు ఏడుపొచ్చింది.

పక్కన కుర్చీ కదిలింది. లాల్చీ పెద్దాయన లేచి నిలబడి, చెయ్యెత్తి, "వన్స్ మోర్" అన్నారు. ఆ తరవాత ఊరంతా అంది. ఆయన కూర్చుంటూ నా వైపు తిరిగి, "ఇందాకట్నుంచీ అడ్డమైనవాళ్ళకీ అరిచారు, అరవాల్సిన చోట నోరు మూసేశారేంటండీ?" అని చిరాకుపడ్డారు.

వ్యానులో తిరిగొస్తూ పిన్ని తిట్టలేదు. మీసం బంక చెంపల మీదనుంచి గిల్లుకుంటూ "నువ్వు అరిచుంటే, ఆ వన్స్ మోర్ నీదో నాదో తెలియక బతికినన్నాళ్ళూ అనుమానంగా ఉండేదిరా" అంది.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆ వేషం పిన్నిదే. ఇప్పుడు మోకాళ్ళ నెప్పులతో ఇంట్లోనే ఆడపిల్లలకి పద్యాలు నేర్పుతోంది. టేకు గద మూలన ఉంటుంది, పిల్లలకి అట్టది చేయించింది. మొన్న వెళ్ళినప్పుడు ఇద్దరం కాఫీ తాగాం. తను గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద టక్కున పెట్టి, నా వైపు చూస్తూ కూర్చుంది. బట్టల కొట్టులో ఇప్పుడు పిలవడానికి రికార్డు చేసిన గొంతు పెట్టారు, నాదీ వయసు మీద పడిన గొంతే. అయినా మెల్లగా "వన్స్ మోర్" అన్నాను. "ఇప్పటికి సరిగ్గా అరిచావు, వెళ్ళి ఇంకో గ్లాసు కలిపి పట్రా" అంది.