సాబిరా తడిగుడ్డ

మా మిల్లులో కెమెరా గురించి తలా ఒక మాట చెప్తారు. సాబిరా గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. పదకొండేళ్లు ఆమెతో కలిసి కూర్చుని అన్నం తిన్నదాన్ని కాబట్టి నేనే చెప్తాను. వింటూ మధ్యలో నన్ను తిట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

సాబిరాది బందరు. పెళ్లైన కొత్తలోనే చిలకలపూడిలో గిల్టు నగల పనికి కుదిరింది. పూత పూసి వచ్చిన గాజుల్లో రంగు తేలిపోయినవి ఏరి పక్కన పడేయడం ఆమె పని. ఆ షెడ్డు మూతపడ్డాక గుడివాడ రోడ్డులో ఉన్న మా మిల్లుకొచ్చింది. మా దగ్గరికి లారీల్లో తెల్లరాయి వస్తుంది. దాన్ని పొడి చేసి, రొయ్యల చెరువుల్లో చల్లుకోవడానికి నాగాయలంక దాకా పంపుతాం. ఆ తెల్లరాళ్లలో పసుపు చార ఉన్నవి కలిసిపోతే పొడి రంగు మారుతుంది, రైతులు బస్తాలు తిప్పి పంపిస్తారు. అందుకని రాళ్లు బెల్టు మీద కదిలిపోతుంటే తొమ్మిదిమంది ఆడవాళ్లు అటూ ఇటూ నిలబడి ఏరేవాళ్లు. వాళ్లకి పెద్ద సాబిరా.

ఆమె నడుముకి ఎప్పుడూ ఒక తడిగుడ్డ వేలాడుతుండేది. దుమ్ము పట్టాక రాళ్లన్నీ ఒకేలా ఉంటాయి కదా. అనుమానం వచ్చిన రాయిని చటుక్కున అందుకుని ఒక్క తుడుపు తుడిచేది. తడి తగలగానే చార బయటపడేది. నాది ఆఫీసులో టైపు పని. ఖాళీ దొరికితే వెళ్లి ఆమె చేతులు చూస్తూ నిలబడేదాన్ని. "ఏంటే అరుణా, జీతం తీసుకుని షికార్లు చేస్తన్నావా?" అని ఏడిపించేది.

పోయినేడు మా ఓనరు పూర్ణచంద్రరావుగారు కెమెరా మిషను తెప్పించారు. బెల్టు మీద పోయే రాళ్లని అది చూస్తుంది, చెడ్డరాయి కనిపిస్తే గాలి కొట్టి పక్కకి తోసేస్తుంది. దాంతోపాటు హేమంత్ అని ఒక ఇంజినీరు వచ్చాడు. అబ్బో, ఎంత మెత్తని మాటో. వచ్చిన రెండో రోజుకే సాబిరాని పిన్నీ అన్నాడు, మూడో రోజుకి ఆమె క్యారేజీలో చేపల పులుసు తిన్నాడు.

ఆడవాళ్లకి గుండెల్లో రాయి పడింది. వాళ్లలో రావమ్మ అతని మొహం మీదే అడిగేసింది. "ఇదొస్తే మా పన్లు పోతాయా బాబూ?"

"అబ్బే, మీకు సాయానికేనండీ. ఎవరి పనీ పోదు."

అతని మాట వాళ్లెవరూ నమ్మలేదు. సాబిరా కల్పించుకుంది. "ఆ అబ్బాయి అట్టాంటోడు కాదులే రావమ్మా. నేను పూచీ. ఒక్కదాని పని పోయినా నన్నడుగు."

సాబిరా మాట అనేసరికి అందరూ నమ్మారు. ఆ పక్కనే టీ గ్లాసు పట్టుకుని నేనూ ఉన్నాను.

తీరా చూస్తే మిషను ఒట్టి దండగ. మూడు వారాలు మంచిరాళ్లని తోసేసి చెడ్డవాటిని వదిలేసింది. ఓనరుగారు ఫోనులో ఆ కంపెనీవాళ్ల మీద విరుచుకుపడి, వెంటనే వచ్చి ఎత్తుకుపొమ్మన్నారు. ఆ మధ్యాహ్నం హేమంత్ మొహం వేలాడేసుకుని సాబిరా పక్కన కూలబడ్డాడు.

"ఇది వెనక్కి పోతే నా ఉద్యోగం కూడా పోద్ది పిన్నీ."

ఆమె కరిగిపోయింది. కరక్కుండా ఉండాల్సింది. "దుమ్ములో ఉన్న రాయి దొంగది నాయనా. ముందు తడిపి చూడు" అంది.

కెమెరాకి ముందు బెల్టు మీద నీళ్లు చల్లే పైపు పెట్టించింది. నాలుగు రోజులు కంప్యూటరు పక్కనే నిలబడి, ఏది మంచిదో ఏది కాదో ఒక్కో రాయీ తడిపి మరీ చూపించింది. గిల్టు పని నుంచీ ముప్పై ఏళ్లుగా కంటికి పట్టుబడిన విద్య అంతా వాడి చేతిలో పెట్టింది. ఐదో రోజు నుంచి మిషను ఒక్క రాయీ తప్పలేదు.

రెండు వారాల తరవాత నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఒకటో తారీఖు నుంచి ఎనిమిదిమంది పనిలోకి రానక్కర్లేదు. సాబిరా ఒక్కతే మిషను దగ్గర ఉండాలి.

హేమంత్ ఆ రోజు సెలవు పెట్టాడు, నంగనాచి వెధవ. సాబిరా ఫోను చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. రావమ్మ ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ తడిగుడ్డతోనే మా గొంతు కోశావు గదే సాబిరా."

 సాబిరా తిన్నగా ఆఫీసులోకి వచ్చి నా టేబులు ముందు నిలబడింది.

"ఆ కాగితం టైపు చేసింది నువ్వేనా అరుణా?"

"అవునక్కా."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ కళ్ల ముందు నాకు నోరు రాలేదు. మిషను దిగిన వారంలోనే ఓనరుగారు నన్ను గదిలోకి పిలిచి టైపు చేయించారు. తారీఖు ఇప్పుడే వెయ్యొద్దమ్మా, మిషను కుదురుకున్నాక వేద్దాం, బయట అనకు అన్నారు. నేను గంగిరెద్దులా తలూపాను. అనుంటే నా ఉద్యోగం ఊడేది, నిజమే. అనుంటే ఆమె ఆ పూచీ పడేది కాదు, ఆ పైపూ పెట్టించేది కాదు.

"పైపు పెట్టకముందే అక్కా. నువ్వు రావమ్మకి మాటిచ్చావే, ఆ ముందురోజు" అన్నాను.



"నేను మాటిస్తంటే పక్కనే ఉన్నావు" అంది. "ఆ పిల్లాడు నాకెవరు? ఎక్కణ్నించో వచ్చాడు, పోతాడు. నువ్వు నా పక్కన కూర్చుని తిన్నావు గదమ్మా."

ఆ పూటే పని మానేసింది. ఆమెని ఉండమన్నా ఉండలేదు. ఎనిమిది ఇళ్లకీ వెళ్లి క్షమించమని అడిగిందట. రావమ్మ తలుపు తియ్యలేదట. మిషను మాత్రం చక్కగా నడుస్తోంది. ఓనరుగారు నా జీతం కూడా పెంచారు. పెంచిన రోజు ఇంటికెళ్లి ఏడ్చాను, మర్నాడు మామూలుగానే డ్యూటీకొచ్చాను.

మొన్న గుడివాడలో బందరు బస్సెక్కాను. మూడు స్టాపుల తరవాత సాబిరా ఎక్కింది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తోందని విన్నాను, వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. నా పక్క సీటు ఒక్కటే ఖాళీ. నేను కిటికీ వైపు జరిగి, "రా అక్కా, కూర్చో" అన్నాను.

"పర్లేదండీ, దగ్గర్లోనే దిగిపోతాను" అంది.

బందరు దాకా నిలబడే వచ్చింది.