ఖాళీ గడిలో ఆఫీసు నంబరు

పల్లెటూరి బడిలో పలక మీద లెక్కలు నేర్చి, ఆసుపత్రి కంప్యూటర్లకే పెద్ద దిక్కయ్యాడు పెద్దాయన. కిడ్నీ కోసం ఎదురుచూసేవారి జాబితా నడిపేది ఆయన రాసిన ప్రోగ్రామే.

"గడి ఖాళీగా కనబడితే మిగతావాళ్ల ప్రోగ్రాములు బొక్కబోర్లా పడతాయి. నాది ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా పడలేదు," అని కనబడ్డవారికల్లా చెప్పేవాడు. ఫోన్ నంబరు లేని పేరుకు అది ఆఫీసు నంబరే చూపించేది.

ఆదివారం ఒక కిడ్నీ దొరికింది. వరుసలో మొదటి పేరు ఆయన చెల్లెలిదే. ఆమె ఫోన్ మార్చినప్పుడు గుమాస్తా పాత నంబరు తీసేసి, కొత్తది ఎక్కించడం మరిచాడు. నర్సు గంటసేపు ఫోన్ చేస్తూనే ఉంది. అది తాళం వేసిన ఆఫీసులో మోగింది. కిడ్నీ తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

"నంబరు లేదని ఒక్క ముక్క చెబితే నీ మిషను సొమ్మేం పోయింది అన్నయ్యా?" అంది చెల్లెలు, డయాలసిస్ మంచం మీద నుంచి.

"చెప్పకుండా ఉండేలా నేనే రాశానమ్మా."

"ఎంత తెలివో!" అని ఆమె గోడవైపు తిరిగింది.

ఆ మధ్యాహ్నమే ఆయన ప్రోగ్రాములో ఆఫీసు నంబరు చూపించే ఆ ముక్కను చెరిపేశాడు. మరో కిడ్నీకి కనీసం రెండేళ్లు పడుతుందట. చెల్లెలికి డాక్టరు చెప్పిన గడువు రెండు నెలలు.