దండోరాలో జాజ్ కొట్టిన మామ

"ఎల్లారెడ్డిల మీ మామ పాయె" అని మొన్న కామారెడ్డి స్టేషన్ దగ్గర మా ఊరి బండాయన చెప్పాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సికింద్రాబాద్‌లో తెల్లదొరల క్లబ్బులో జాజ్ బ్యాండుకు డ్రమ్ములు వాయించిన మా మేనమామ, ఊరి దండోరా డప్పు మోస్తూనే పోయాడు.

ఆయన పుట్టిందే డప్పు కొట్టే ఇంట్లో. పడుచుతనంలో రైలెక్కి వెళ్లి, క్లబ్బులో కుర్చీలు మోస్తూ మోస్తూ బ్యాండు మాస్టరు కంట్లో పడ్డాడు. నన్నొకసారి తీసుకెళ్లాడు. వంటింటి తలుపు పక్కన నిలబడి విన్నాను. కాలితో ఒక డ్రమ్ము, చేతులతో రెండు. ఆయన నవ్వుతూ వాయించడం ఆ రోజే చూశాను. "కొట్టుడు ఎవడన్న కొడ్తడు అల్లుడా. యాడ ఆగాల్నో తెలిసినోడే డ్రమ్మరు" అన్నాడు. బొంబాయి హోటలు నుంచి పిలుపు కూడా వచ్చింది.

అంతలో ఊళ్లో ఆయన అన్న చనిపోయాడు. వెట్టికి ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు డప్పు పట్టాల్సిందే. "నువ్వు రాకుంటే నీ వదినెను, పిల్లలను ఊళ్లె ఉండనియ్య" అని పటేలు కబురు పెట్టాడు. మామ బొంబాయి బదులు ఎల్లారెడ్డికి వచ్చాడు. ఎప్పుడడిగినా "ఈ పంట చేతికి రాంగనే పోత" అనేవాడు. పంటలు వచ్చాయి, పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి సర్కారుకు ధాన్యం లెవీ కొలవాలనే దండోరాలో ఆయన చేతులు ఊరుకోలేదు. డప్పు మీద జాజ్ దరువు ఎత్తుకున్నాడు. జనం పనులు వదిలి వచ్చారు, పిల్లలు ఎగిరారు. "ఎవరి పెండ్లిరా?" అందొక ముసలవ్వ. హుకుం మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కలేదు. పటేలు మండిపడి ఊరంతా మళ్లీ తిప్పించాడు.

"చేతులు నా మాట ఇనలె పటేలా" అన్నాడట మామ. ఊరు దాన్ని చెప్పుకుని నవ్వుతుంది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని అత్త నాతో చెప్పింది.

నేను ఎల్లారెడ్డి చేరేసరికి మామను మట్టి చేసి వచ్చారు. స్నానాల తడి ఆరకముందే పటేలు మనిషి వాకిట్లోకి వచ్చాడు. "రేపటి సంది దండోరా ఎవరు కొడ్తరు?" అంటూ మామ కొడుకు వైపు చూశాడు.

అత్త లేచి, గోడకున్న డప్పు తీసి పటేలు మనిషి చేతుల్లో పెట్టింది.

"నా కొడుకు కొట్టడు. నువ్వే కొట్టుకో పో."

తలుపు వేసేసింది. కిటికీలోంచి చూశాను. బయట తుంపర పడుతోంది. అతను డప్పును ఏ చంకన పెట్టుకోవాలో తెలియక, అటూ ఇటూ మారుస్తూ వాకిట్లోనే నిలబడ్డాడు.