తమ్ముడికి సెల్యూట్

నేనూ మా చిన్నాన్న కొడుకూ సూర్యాపేటలో ఒకే గదిలో ఉండి పోలీసు పరీక్షలకు చదివాం. నాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, వాడికి ఎస్సై. మా మధ్య హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై అని రెండు మెట్లే ఉన్నాయి. అవి ఎక్కేసరికి నా జుట్టు నెరుస్తుంది. వాడు వాటిని తొక్కనైనా లేదు.

మొన్న కోదాడ బందోబస్తుకు మిర్యాలగూడ నుంచి వాడూ వచ్చాడు. నాకన్నా రెండేళ్లు చిన్నవాడికి సెల్యూట్ కొట్టాలా? మా శాఖలో నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదు. నిబంధనలంటే నాకు గౌరవం కాబట్టి, వాడి జీపు కనబడగానే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను.

వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, టోపీ పెట్టుకో జర. సీఐ సార్ వస్తుండు, సూస్తే మెమో ఇస్తడు."

"నీకు సెల్యూట్ కొట్టుడు నాతోని కాదురా."

"నాకు కొట్టకు తీయ్. ముందు పెట్టుకో."

అంత తేలిగ్గా వదిలేసేసరికి నాకు ఇంకా మండింది. టోపీ పెట్టుకున్నాను.

సీఐ దిగగానే ఇద్దరం కలిసే సెల్యూట్ కొట్టాం. వాడూ ఒకరి ముందు బిగుసుకుని నిలబడడం చూసి కడుపు కాస్త చల్లబడింది. సీఐ వాడి భుజం మీద చెయ్యేసి చాయ్‌కి తీసుకెళ్లాడు. నా చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది.