మంద మిట్టకెక్కిన ఉదయం

ఈ ఏడాది జనవరి ఇరవై, మంగళవారం, ఉదయం ఆరుంపావుకు సౌదీలో తబూక్ దగ్గరి మా డేరా మీద వాన మొదలైంది. తొమ్మిదేళ్ల కిందట మా ఆయనా నేనూ పదకొండు గొర్రెలతో మొదలుపెట్టిన మంద ఆ రోజుకు రెండు వందల నలభై. సొత్తు మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, మా కఫీలుది; సాకింది మేము.

డేరా వేసింది ఎండిన వంకలో. పైనుంచి నీళ్ల హోరు వినబడింది. మా ఆయన ఎంత అదిలించినా గొర్రెలు కదల్లేదు. కఫీలు పికప్ హారన్ మోగిస్తే ఇంకా ముడుచుకున్నాయి.

"ఆ హారన్ ఆపమని చెప్పయ్యా!" అని అరిచి, వారం కిందట పుట్టిన నాలుగు గొర్రెపిల్లలను మా రాయచోటి పద్ధతిలో కంబళి ఒడిలో వేసుకుని మిట్ట వైపు నడిచాను.

"ఒక్కదానివే యాడికి పోతాండావే?" అన్నాడు మా ఆయన.

"ఒక్కదాన్ని యాడ? నా ఎనకాల ఎవురొస్తాండారో చూడు!"

పిల్లల అరుపులకు తల్లులు, తల్లుల వెంట మందంతా కదిలింది. మిట్టెక్కిన పది నిమిషాలకు వంక నిండా నీళ్లు పారాయి.

రెండుసార్లు లెక్కపెట్టాను. కఫీలు నన్ను మొదటిసారి అమ్మా అని పిలిచాడు. అరవై ఆరేళ్లకు నా పనికి దక్కిన బిరుదు అది.

పోయినవి మూడు: డేరా, నీళ్ల తొట్టి, మొదటి పదకొండింటిలో మిగిలిన ఒకే ఒక్క ముసలి గొర్రె.