పారబోయని నూనె

మా దిక్కు మనిషి పోతే, ఆఖరి తానానికి ముందు ఆడోళ్ళం తలా ఇంత నూనె అరచేతుల పోసుకొని పోయినోళ్ళ నెత్తికి అద్దుతం. మిగిలిన నూనె మళ్ళ గడప దాటి ఇంట్లకు రావద్దు, బయటనే పారబోస్తరు. కొత్తగూడల మా అమ్మ పోయిన పొద్దు, హడావిడిల ఎవరో ఆమె కాసి పెట్టిన ఆముదం సీసనే తీసుకొచ్చిన్రు. గుంటగలగరాకు, మెంతులు ఏసి కాసిన నూనె అది. నా బిడ్డ కోసం కాసింది.

టైఫాయిడ్ జరమొచ్చి లేచినంక నా బిడ్డకు ఎంటికలు కుచ్చులు కుచ్చులు ఊడినయి. తొమ్మిదేండ్ల పిల్ల, నెత్తికి చున్నీ కట్టందే బడికి పోనంటది. మేముండే కాటారంల దొరికిన నూనెలన్నీ రాసి చూసిన, ఏదీ పనిచెయ్యలే. అమ్మ నూనెకే సన్నగ నూగు మొలిచింది. ఎట్ల కాస్తవే అని అడిగితే, "నేను లేనా, నీకెందుకే" అనేది. చెప్పకుండనే పోయింది.

సీసల సగం నూనె మిగిలింది. అమ్మ చెల్లె, మా చిన్నమ్మ, గోడవతలకు తీసుకపోయి వంపబోతుంటే గుంజుకున్న.

"పీనుగ నెత్తికి అంటిన నూనె బిడ్డా. బతికినోళ్ళకు పెడితే పోయినామె ఎంబడొస్తది," అన్నది.

"రానీ చిన్నమ్మా. మా అమ్మనే కదా," అన్న. నాకు కోపమొస్తే నోరాగదు. దినాలయినంక అందరి ముందట్నే సంచిల పెట్టుకొని బస్సెక్కిన.

అమ్మకొక అలవాటుండేది. నూనె రాసేటప్పుడు తల వంచుమని నోటితోని చెప్పకపోయేది. చెవెనుక వేలితోని టకటక కొట్టేది. ఏ చెవెనుక కొడితే అటు వంచాలె. నేను నా బిడ్డకు అట్ల చెయ్య, నోటితోనే కసురుత.

ఐతారం పొద్దుగాల పిల్లను వాకిట్ల పీట మీద కూసోబెట్టి, పొయ్యి కాడ గంటెల నూనె వెచ్చబెడుతున్న. తిరిగి చూస్తే పిల్ల కుడికి తల వంచి కూసుంది. జర సేపటికి ఎడమకు వంచింది. మెల్లగ, ఎప్పుడూ చేసే పనోలె.

"ఏందే, గట్ల తిప్పుతున్నవ్?"

"నువ్వే కొడుతున్నవ్ గదనే," అన్నది, వెనక్కి చూడకుండ.

పిల్ల ఎనక ఎవ్వరు లేరు. సీస పారబోద్దామనే లేచిన. పిల్ల నెత్తి మీద ఎండ పడి కొత్త ఎంటికలు మెరిసినయి. పారబోయలేకపోయిన. "అమ్మా, వస్తే రా గని పిల్లను మాత్రం నీ ఎంబడి తీసుకపోకే" అని లోపల్లోపల మొక్కుకుంట, భయపడుకుంటనే రాసిన.

అటెనుక ప్రతి ఐతారం అదే తంతు. నేను పొయ్యి కాడ ఉంటే, వాకిట్ల పిల్ల తల దానంతల అదే అటు ఇటు వంగేది. పిల్లకు భయం లేదు, భయమంత నాకే. సీసల నూనె తగ్గినకొద్ది పిల్ల నెత్తి నిండింది.

వానలు పడేనాటికి రెండు పిలకలు ఏసే అంత ఎంటికలొచ్చినయి. చున్నీ మూలకు పడ్డది. పిల్ల పిలకలు ఊపుకుంట బడికి పోయినంక, సీస అడుగున మిగిలిన నూనెను వంపుకొని నా నెత్తికే రాసుకున్న. పిల్ల కూసునే పీట మీదనే కూసున్న. నూనె మెడ మీదికి కారింది. చెవెనుక ఏ చప్పుడు లేదు.

"నేను గూడ నీ బిడ్డనే గదనే," అన్న. కోపంగనే అన్న.

ఎంతసేపు చూసినా తల ఎటు వంచాలెనో ఎవ్వరు చెప్పలే. ఆఖరికి నా అంతల నేనే కుడికి వంచిన.