కాళ్లు తొక్కే చోట మైనం

మా అపార్టుమెంటు సంఘం సమావేశాల్లో ఇచ్చే టీ గురించి ముందు ఒక మాట చెప్పుకోవాలి. అది టీ అని ఇచ్చేవాళ్లు చెబితే తప్ప తెలియదు, కప్పు చూస్తే పిల్లల దగ్గుమందు సీసా మూత గుర్తొస్తుంది, పోనీ గుటుక్కున మింగేద్దామంటే నాలుక కాలేంత వేడిగా ఉంటుంది. మనం ఊదుకుంటూ కూర్చున్న ఆ కాస్త వ్యవధిలో వాళ్లు రెండు తీర్మానాలు చేసేసుకుంటారు. పోయిన నెల నేను అలా ఊదుకుంటూ ఉండగానే మెట్లన్నిటికీ అద్దంలా మెరిసే పూత పూయించాలని ఏకగ్రీవంగా నిర్ణయించారనీ, ఆ ఏకగ్రీవంలో నా గ్రీవం కూడా చేరి ఉందనీ ఆ తర్వాత వాట్సాప్‌లో చూసి తెలుసుకున్నాను.

పూత పూశారు. మెట్లు మెరిశాయి. మా కార్యదర్శి కుర్రవాడు మంచివాడే, నన్ను అంకుల్ అంటాడు, చూపించడానికి ప్రత్యేకంగా పిలిచాడు.

"సూడండి అంకుల్, మొగం కనపడతా ఉండాది!"

"మొగం సూసుకునేదానికి ఇంట్లో అద్దం ఉండాదప్పా, మెట్టుండేది కాలు పెట్టేదానికి" అన్నాను. నవ్వాడు. నేను హాస్యానికి అన్నాననుకున్నాడు. నా జీవితంలో నిజం చెప్పినప్పుడల్లా జరిగేది ఇదే.

మరునాడు పొద్దున్నే టెంకాయ పీచు, ఒక డబ్బాలో పొడి ఇసుక తీసుకుని మూడో అంతస్తు మెట్టు మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఈ ముసలాయనకు ఇదేం పనని మీరు అనుకునే ముందు, మిమ్మల్ని పులికాట్ సరస్సు దాకా తీసుకెళ్లనివ్వండి. దూరమేమీ కాదు, మన తరం వాళ్లకు ఎక్కడికైనా వెనక్కి వెళ్లడం తేలికే కదా.

మాది పుత్తూరు. ఎక్కడెక్కడివాళ్లో చేయి మెడకు వేలాడేసుకుని, విరిగిన కాలుతో ఇంకొకరి భుజాల మీద వాలి, ఎముకల కట్టు కోసం బస్సు దిగే ఊరు. చిన్నప్పుడు మాకు కట్టు లేని కొత్త మనిషి వీధిలో కనిపిస్తే వీడెందుకొచ్చాడబ్బా అని అనుమానం వచ్చేది. మా మేనమామ వడ్రంగి. ఆయనకొక అలవాటుండేది. కట్టు కోసం వరసలో కూర్చున్నవాళ్ల పక్కన చేరి, నొప్పి సంగతి కాకుండా, ఎట్లా పడినావు, యాడ పడినావు, కింద ఏముండాదని అడిగేవాడు. చెట్టు మీదనుంచి పడినవాళ్లకన్నా నున్నటి నేల మీద జారినవాళ్లే ఎక్కువని ఆయన ఏ చదువూ చదవకుండా తేల్చుకున్న సంగతి. నేను తిరుపతిలో బీయే చదివి కూడా తేల్చుకున్న సంగతి ఒక్కటీ లేదు.

పడవ మరమ్మతుకని సూళ్లూరుపేట వైపు వెళ్లిన మా మామ, ఆ పడవతోనే ఉండిపోయాడు. అది ఒక ప్రభుత్వ శాఖవారి చెక్క లాంచి, అధికారులు సరస్సును పరిశీలించడానికి, అంటే కొంగలను చూడడానికి, వాడుకునేది. మామ అందులో దినకూలి, రోజూ మస్టరులో పేరు రాస్తేనే ఆ రోజుకు ఉద్యోగం. ఆయన చెప్పగా ఆ ఆఫీసులోనే నేను స్టోరు గుమాస్తాగా చేరాను, అదీ తాత్కాలికంగానే. డబ్బాలు, తాళ్లు, మైనం, కిరసనాయిలు నా అధీనంలో ఉండేవి. అంత అధికారం మళ్లీ నాకెప్పుడూ దక్కలేదు.

ఆ లాంచిని మామ కడిగే తీరు చూడాలి. ఉప్పునీళ్ల తడి ఆరకముందే మంచినీళ్లతో పై నుంచి కింది దాకా కడిగేవాడు, ఉప్పు ఒక రాత్రి ఉంటే ఇనుముకు పిల్లలు పుడతాయి అనేవాడు, తుప్పును ఉద్దేశించి. ఇత్తడి గంటకు, కమ్మీలకు చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమేవాడు. ఇంజను ఇనుముకు కిరసనాయిలు గుడ్డ. లాంచిలోని గది గోడల పలకలకు మాత్రం మైనాన్ని టర్పెంటైన్‌లో కరిగించి, పాత పంచె గుడ్డతో గుండ్రంగా, కలిపిన పిండిముద్దను అరచేత్తో సర్దినంత ఓపికగా రుద్దేవాడు. అయితే కాళ్ల కింది పలకల దగ్గరికి వచ్చేసరికి మైనం డబ్బా మూత పెట్టేసి, టెంకాయ పీచు, పొడి ఇసుక అందుకునేవాడు. అవి ఎండిన మామిడి టెంకలా గరుగ్గా, వెలవెలబోతూ ఉండేవి. ఎందుకని అడిగితే ఒకటే మాట.

"కండ్లు సూసేది మెరవాల, కాళ్లు తొక్కేది మెరవగూడదు. తెలిసిందా బీయే?"

ఒకసారి హైదరాబాదు నుంచి పెద్ద అధికారి కుటుంబంతో వస్తున్నారని కబురొచ్చింది. మా ఆఫీసరు లాంచి ఎక్కి అంతా చూశాడు, ఇత్తడి గంటలో తన మీసం చూసుకుని సంతోషించాడు, కిందికి చూసి ముఖం చిట్లించాడు. ఈ పలకలకూ మైనం పట్టించండి అన్నాడు. మామ పట్టించనన్నాడు. కోపంగా కూడా కాదు, కాఫీ వద్దన్నట్టు అన్నాడు. ఆఫీసరు ఆయనతో వాదించడం తన హోదాకు తక్కువనుకుని నా వైపు తిరిగి, నీ పర్మినెంటు కాగితం నా బల్ల మీదే ఉంది, ఈ పని పూర్తయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు.

మామ భోజనానికి వెళ్లినప్పుడు నేనే పట్టించాను. నా చేత్తో, నా స్టోరు మైనంతో, ఆయన పాత పంచె గుడ్డతో. చరిత్ర చదివినవాణ్ని కనుక రాజాజ్ఞ అంటే నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, బాగా మెరిసింది కూడా.

మామ తిరిగొచ్చి చెప్పులు విడిచి ఒక అడుగు పెట్టాడు. వేళ్లతో తడిమాడు. నా వైపు చూశాడు.

"ఎవురు పూసినారని అడగను లే. ఆ ఇసక డబ్బా ఇట్లియ్యి."

ఇచ్చాను. ఆ రోజు నేను చేసిన సాహసం అంతవరకే. పొద్దు గుంకేదాకా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పలక వెంబడి పలక, నేను పూసినదంతా గీకేశాడు. నేను ఒడ్డున నిలబడి స్టోరు పుస్తకంలో ఏదో రాసుకున్నాను. ఏం రాశానో గుర్తు లేదు, ఏమీ రాయలేదని మాత్రం గుర్తుంది.

మర్నాడు పెద్ద అధికారి వచ్చాడు. ఆయన వెంట ఆయన తల్లి కూడా వచ్చింది, ఎనభై ఏళ్ల మనిషి, లాంచి ఎక్కేటప్పుడు నీళ్లు తగిలి చీర అంచు, పాదాలు రెండూ తడిశాయి. ఆవిడ ఆ తడికాళ్లతోనే ఊగుతున్న లాంచిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, కొంగలను లెక్కపెట్టి, వేరుశనక్కాయలు వొలుచుకు తిని, క్షేమంగా దిగి వెళ్లింది. ఏమీ జరగలేదు. అదే మామ ఖర్మ. జారి పడినవాణ్ని ఊరంతా చూస్తుంది గానీ, జారకుండా నడిచినవాణ్ని ఎవరు చూస్తారు? కట్టు కట్టిన చేతికి పేరుంటుంది, విరగని చేతికి ఎవరూ దండం పెట్టరు.

కార్లు కదిలి వెళ్లగానే ఆఫీసరు మమ్మల్నిద్దరినీ పిలిచాడు. మైనం పట్టించమన్నానా లేదా అని నన్నడిగాడు.

"పట్టించినాను సార్" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఇన్నేళ్లలో నేను ఆడిన ఏ అబద్ధానికీ ఇంత సిగ్గు పడలేదు.

"నేనే గీకేసినాను" అన్నాడు మామ. "మళ్లా పూస్తే మళ్లా గీకతాను సామీ. మా ఊర్లో శానామందిని సూసినా."

ఆ మరునాడు మస్టరులో ఆయన పేరు లేదు. టెంకాయ పీచు సంచిలో వేసుకుని పుత్తూరు బస్సెక్కాడు. ఊళ్లో మంచాల కోళ్లు చెక్కుకుంటూ, కట్లు కట్టేవాళ్లకు వెదురు బద్దలు నున్నగా చీల్చి ఇస్తూ బతికాడు. నా కాగితం మీద సంతకం ఆ నెలలోనే అయింది. మామ నన్ను ఒక్క మాటా అనలేదు సరికదా, ఏడాది తిరక్కుండా తన కూతుర్ని నాకే ఇచ్చాడు. పర్మినెంటు అల్లుడు అని చుట్టాలందరికీ గర్వంగా చెప్పుకున్నాడు కూడా. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని నేను ఆయన పోయేదాకా వెతికాను, దొరకలేదు. ఉండి ఉంటే కొంత హాయిగా ఉండేది.

ఇప్పుడు చూడండి, అన్నీ మెరుస్తున్నాయి. ఆసుపత్రి నేల మెరుస్తుంది, బ్యాంకు మెట్లు మెరుస్తాయి, ఆ మెరుపు మీదే జాగ్రత్త, జారును అని పసుప్పచ్చ బోర్డు పెడతారు. జారేలా చేయడానికి ఒకడికి జీతం, జారుతుందని బోర్డు పెట్టడానికి ఇంకొకడికి. గరుకును గౌరవించే మనిషి మాత్రం మస్టరులో ఎక్కడా లేడు. సంఘం ఆస్తికి నష్టం కలిగిస్తున్నానని వాట్సాప్‌లో నాకు నోటీసు పెట్టారు. నేను బొటనవేలు బొమ్మ పెట్టి, రెండో అంతస్తుకు దిగాను. మళ్లీ పూయిస్తే మళ్లీ గీకుతాను. పీచుకు కొదవ లేదు, మా ఇంట్లో టెంకాయ లేని కూర ఉండదు. నా మోకాళ్లు ఒప్పుకోవు గానీ, వాటి ఓటు ఎవరడిగారు?

నిన్న పొద్దున నేను అలా గీకుతూ, చుట్టూ చేరిన నలుగురికీ మామ కథ చెబుతూ, ఆఫీసరుతో ఆయన అన్న ఆఖరి మాట ఆయన గొంతుతోనే అని చూపిస్తూ ఉండగా, మా ఆవిడ పాల ప్యాకెట్లు తీసుకుని మెట్లెక్కుతూ వచ్చింది. నేను గీకిన మెట్టు మీద కాలు మోపి, వేళ్లతో ఒకసారి తడిమి చూసింది. అచ్చం వాళ్ల నాయన లాగే.

"గరుగ్గానే ఉండాది లే బావా" అంది. "ఈ గీకేదేదో ఆ పొద్దు మా నాయన పక్కన కూసోని గీకింటే సరిపోయుండు."